ప్రొబయోటిక్ క్యాప్సూల్స్‌తో పొట్ట తగ్గుతుందా? మూడో సీసా నడుస్తోంది, నిజం చెప్పండి

నిజాంపేట_సుజాత

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు, నడుం చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. జూన్‌లో పరీక్షలు చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.3 వచ్చింది, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు. మా వైపు ఒక న్యూట్రిషన్ షాపులో ఈ ప్రొబయోటిక్, అంటే మంచి బ్యాక్టీరియా ఉండే క్యాప్సూల్స్ ఇచ్చారు, నెలకి సరిపడే సీసా 2,800 రూపాయలు. పొట్టలో మంచి బ్యాక్టీరియా పెరిగితే కొవ్వు దానంతట అదే కరిగిపోతుంది, తిండి తగ్గించాల్సిన పని కూడా లేదు అన్నారు. సరే అని మొదలుపెట్టాను. ఇప్పుడు మూడో సీసా, బరువు 77.6. గ్యాస్, మలబద్ధకం మాత్రం బాగా తగ్గాయి, అది ఒప్పుకోవాలి.

అసలు అనుమానం ఎక్కడ వచ్చిందంటే, మా వారికి ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఆయనకి కూడా ఇవే ఇచ్చి, రెండు నెలలయ్యాక మెల్లగా షుగర్ మాత్ర మానేయొచ్చు అని చెప్పాడు ఆ షాపతను. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. సీసా మీద "50 బిలియన్ సీఎఫ్‌యూ, 12 రకాల బ్యాక్టీరియా" అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు దీని గురించి ఏమీ తెలియదు, తెలిసినవాళ్లు చెప్పండి.

డా_హనుమకొండ

సుజాతగారూ, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. మీ వారి మెట్‌ఫార్మిన్ ఆపొద్దు. మందు ఆపడమైనా తగ్గించడమైనా ఆయన్ని చూసే డాక్టరు రిపోర్టులు చూసి చెప్పాల్సిన విషయం. ఏ ప్రొబయోటిక్కూ షుగర్ మాత్రకి బదులు కాదు. ఇప్పటికే ఆపేసి ఉంటే రేపు పొద్దున్నే ఫాస్టింగ్, పోస్ట్ లంచ్ చేయించి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిజాంపేట_సుజాత

ఆపలేదండీ, నేనే ఆపనివ్వలేదు. థాంక్స్ డాక్టర్‌గారూ, కొంచెం ఊపిరి తీసుకున్నాను.

సూక్ష్మజీవి_మాస్టారు

విశాఖలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతాను. సీఎఫ్‌యూ అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క. సుజాతమ్మా, ఆ సీసా తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చూడు. లాక్టోబాసిల్లస్ గాసెరీ, బిఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ లాంటి పేర్లుంటాయి. ఆ పేర్ల పక్కన అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తు ఒకటి ఉందా? దాన్ని స్ట్రెయిన్ అంటారు. లాక్టోబాసిల్లస్ అనేది ఇంటిపేరు, గాసెరీ ఆ ఇంట్లో ఒక కుటుంబం, ఎస్‌బీటీ2055 అంటే ఆ కుటుంబంలో ఫలానా మనిషి. పరీక్ష రాసి పాసైంది ఆ ఒక్క మనిషి. అదే ఇంటిపేరు ఉన్న ఇంకొకరు వచ్చి ఆ సర్టిఫికెట్ చూపించి ఉద్యోగం అడిగితే ఇస్తామా? లేబుల్ మీద స్ట్రెయిన్ గుర్తు లేకపోతే దాని వెనక ఏ ప్రయోగం ఉందో కనుక్కునే దారే లేదు.

ఇప్పుడు చెప్పిన ఎస్‌బీటీ2055 మీద జపాన్‌లో జరిగిన ప్రయోగం 2010లో వచ్చింది. పొట్ట కొవ్వు ఎక్కువున్న 87 మంది, 12 వారాలు, రోజూ పులిసిన పాలు. ఆ బ్యాక్టీరియా కలిపిన పాలు తాగినవాళ్లలో లోపలి అవయవాల చుట్టూ ఉండే కొవ్వు 4.6 శాతం, బరువు 1.4 శాతం తగ్గాయి. నీ 78 కిలోలకి లెక్కేస్తే కిలో పైన ఇంకో వంద గ్రాములు. అదే జట్టు 2013లో 210 మందితో మళ్లీ చేసింది, అప్పుడూ కొవ్వు తగ్గింది కానీ తాగడం మానేసిన నాలుగు వారాలకే ఆ ప్రభావం సన్నగిల్లింది. అంటే వచ్చిన బ్యాక్టీరియా మన పేగుల్లో కాపురం పెట్టదమ్మా, చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోతుంది.

నిజాంపేట_సుజాత

చూశాను మాస్టారూ. పన్నెండు పేర్లున్నాయి, ఒక్కదాని పక్కనా అంకె గానీ గుర్తు గానీ లేదు. ఏది ఎంత ఉందో కూడా లేదు, అన్నీ కలిపి 50 బిలియన్ అంతే.

జిమ్_కార్తీక్

ఈ నమ్మకం అసలు ఎక్కడ మొదలైందో చెప్తా అక్కా, నేను దీని గురించి చాలా చదివాను. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకుండా పెంచిన ఎలుకలకి మామూలు ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియా ఎక్కించారు. అవి ముందుకన్నా తక్కువే తిన్నాయి, అయినా రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు 60 శాతం పెరిగింది! అది 2004. తర్వాత 2006లో లావు ఎలుకల బ్యాక్టీరియా ఎక్కిస్తే సన్న ఎలుకల బ్యాక్టీరియా ఎక్కించినదానికన్నా ఎక్కువ కొవ్వు పట్టింది. 2013లో ఇంకా విచిత్రం, కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటల్ని వెతికి వాళ్ల మలంలోని బ్యాక్టీరియాని ఎలుకల్లోకి పంపితే లావు మనిషిది అందుకున్న ఎలుకలు లావయ్యాయి. అంటే బ్యాక్టీరియాకి బరువుతో సంబంధం ఉందన్నది నిజమే కదా, షాపువాడు పూర్తిగా అబద్ధం చెప్పలేదు.

డా_హనుమకొండ

సంబంధం ఉంది, కాదనను. అది మనిషిలో ఎంత పని చేస్తుందన్నదే ప్రశ్న కార్తీక్. ఆమ్‌స్టర్‌డామ్‌లో సన్నగా ఉన్నవాళ్ల మలంలోని బ్యాక్టీరియాని మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగర్, కొవ్వు సమస్యలు కలిసి రావడం) ఉన్న మగవాళ్ల పేగుల్లోకి పంపారు, 2012లో వచ్చింది ఆ పేపరు. ఆరు వారాలకి ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, బరువు మాత్రం తగ్గలేదు. అదే బృందం తర్వాత చేసినదాంట్లో 18 వారాలకల్లా ఆ మెరుగుదల కూడా పోయింది. మొత్తం బ్యాక్టీరియా ఊరినే తరలించినా అంతే జరిగితే, పన్నెండు రకాల క్యాప్సూల్ ఎంత చేస్తుంది?

మనుషుల మీద జరిగిన 15 ప్రయోగాలు, 957 మందిని కలిపి 2018లో లెక్కేశారు. ప్రొబయోటిక్ వాడినవాళ్లు వాడనివాళ్లకన్నా సగటున 0.6 కిలో ఎక్కువ తగ్గారు. 600 గ్రాములు. ఫ్యాటీ లివర్‌లో వాపు తగ్గాలంటే ఒంటి బరువులో కనీసం 7 శాతం తగ్గాలని చెబుతాం, మీకది ఐదున్నర కిలోలు సుజాతగారూ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో చాలామంది ఈ సీసాల మీద నెలకి మూడు వేలు పెడతారు, కానీ హెచ్‌బీఏ1సీ పరీక్ష రాస్తే వచ్చే నెల చేయిస్తాం సార్ అంటారు. నాకు బాధ కలిగేది అక్కడే.

కోనసీమ_పద్మ

ఇన్ని లెక్కలెందుకండీ, ఇంట్లో పెరుగుంది కదా. మా అత్తగారు పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక ఒక చెంచా తోడు వేసి గిన్నె చుట్టూ గుడ్డ చుట్టి పెడతారు. పొద్దుటికి కత్తితో కోస్తే ముక్కలా వస్తుంది. ఆవిడకి 76 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు. పగలు మజ్జిగ, రాత్రి పెరుగన్నం, ఇంకేమీ తెలియదు ఆవిడకి. మనమే అన్నీ వదిలేసి సీసాలు కొంటున్నాం.

సూక్ష్మజీవి_మాస్టారు

పద్మమ్మా, మీ అత్తగారి పెరుగు మంచిదే, నేనూ రోజూ రెండు పూటలా తింటాను. కానీ ఒక తేడా ఉంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే ప్రాణమున్న సూక్ష్మజీవులే ప్రొబయోటిక్‌లు. ఏ జీవి, ఎంత మోతాదు, ఏ మేలు, మూడూ తెలిసుండాలి. ఇంటి తోడులో ఏమున్నాయన్నది ఇంటింటికీ మారుతుంది, ఒకే ఇంట్లో ఎండాకాలానికి, చలికాలానికి కూడా మారుతుంది. అందుకని అది మంచి ఆహారమే కానీ బరువు తగ్గించే మందు అని చెప్పలేం.

ఇంకోటి, ఇడ్లీ పిండి పొంగడానికి ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణం, పిండిలో కోట్లలో ఉంటాయి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికేసరికి అన్నీ పోతాయి. మజ్జిగ పులుసు కాచినా అంతే. పులియబెట్టినదల్లా ప్రొబయోటిక్ అని టీవీలో చెబుతుంటే నాకు ఆగదు. పులియడం వల్ల అరుగుదల, బి విటమిన్ల లాంటి లాభాలు వేరే ఉన్నాయి, అవి కాదనను.

రాజమండ్రి_బాబాయి

మా చిన్నప్పుడు వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. వార్చిన గంజి, కడుగు నీళ్లు అందులో పోసేది మా అమ్మ, రెండు మూడు రోజులకి పుల్లటి వాసన వచ్చేది. పొద్దున్నే ఆ తేట చద్దన్నంలో పోసుకుని, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, ఆవకాయ ముక్కతో తిని బడికి మూడు మైళ్లు నడిచేవాళ్లం. కుండ పూర్తిగా కడిగేది కాదు, అడుగున కాస్త ఉంచి మళ్లీ పోసేది. ఇప్పుడు మా కోడలు మళ్లీ మొదలుపెడదామంటోంది. డాక్టరుగారూ, నాకు 71, షుగర్ 12 ఏళ్లుగా ఉంది, తినొచ్చా?

డా_హనుమకొండ

బాబాయిగారూ, తినొచ్చు, అన్నం కొలత చూసుకుని. వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత భాగం అరగని రూపంలోకి మారుతుంది, అది పెద్దపేగులో బ్యాక్టీరియాకి మేత. కానీ మారేది కొంచెమే, మిగతాది అన్నమే, షుగర్ పెరుగుతుంది. ఒక కప్పు అన్నంతో తిని రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూడండి, మీ ఒంటికి ఎలా ఉందో అదే చెబుతుంది. ఉప్పు, ఆవకాయ బీపీ ఉంటే తగ్గించాలి. చిన్నప్పుడు మీరు నడిచిన ఆ మూడు మైళ్లు కూడా లెక్కలో వేసుకోండి.

రవి_ఎడిసన్

న్యూజెర్సీ నుంచి. మీరెవరూ అక్కర్‌మాన్సియా గురించి చెప్పలేదేంటి? ఇక్కడ అందరూ దాని వెనకే పడ్డారు. నేను ఐదు నెలలు వాడాను, 91 నుంచి 86కి వచ్చాను. సుజాతగారు వాడింది తప్పు రకం అంతే అని నా అభిప్రాయం.

సూక్ష్మజీవి_మాస్టారు

రవీ, అక్కర్‌మాన్సియా మ్యూసినిఫిలా నిజంగా ఆసక్తికరమైన జీవి. నెదర్లాండ్స్‌లో 2004లో దాన్ని మొదటిసారి వేరు చేశారు, పేగు లోపలి జిగురు పొరని తిని బతుకుతుంది. లావుగా ఉన్నవాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు మనుషుల మీద చేసిన మొదటి ప్రయోగం 2019లో వచ్చింది. 32 మంది పూర్తి చేశారు, మూడు నెలలు, రోజుకి వెయ్యి కోట్ల కణాలు. ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, కొలెస్ట్రాల్ తగ్గింది. బరువు రెండు కిలోలకి పైగా తగ్గినట్టు కనిపించింది గానీ అంత తక్కువ మందిలో అది కాకతాళీయం కాదని తేల్చే స్థాయికి రాలేదు. ఇంకో విశేషం చెబుతాను, బతికున్న బ్యాక్టీరియా కన్నా పాశ్చురైజ్ చేసి చంపినదే బాగా పనిచేసింది! అంటే దాని ఒంటి పైపొరలోని పదార్థమేదో పని చేస్తోందన్నమాట. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఫలితం అదే, దీని మీద ఇంకా పెద్ద ప్రయోగాలు రావాలి.

నువ్వు ఆ ఐదు నెలల్లో ఇంకేమైనా మార్చావా?

రవి_ఎడిసన్

సోడా మానేశాను మాస్టారూ, రోజుకి రెండు క్యాన్లు తాగేవాణ్ణి. ఏప్రిల్ నుంచి ఆఫీసు అయ్యాక నడుస్తున్నాను. అవును, దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను, మీరు అడిగితే గానీ ఆ కోణంలో ఆలోచించలేదు.

జిమ్_కార్తీక్

మరి బరువు తగ్గే ఇంజెక్షన్ పేరు పెట్టి "సహజమైన ఒజెంపిక్" అని అమ్ముతున్నారు కదా ఇవే. పేగు బ్యాక్టీరియా పీచుని పులియబెడితే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు వస్తాయి, అవి జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్‌ని పెంచుతాయి, ఆకలి తగ్గుతుంది. ఆ సైన్స్ కరెక్టే కదా డాక్టర్‌గారూ?

డా_హనుమకొండ

దారి కరెక్టే, దూరం చూడాలి. మన పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలకే విరిగిపోతుంది. ఒజెంపిక్‌లో ఉండే మందు సెమాగ్లుటైడ్, దానిలాగే పనిచేస్తుంది, దాన్ని వారం రోజులు నిలిచేలా తయారు చేశారు, అందుకే వారానికి ఒక్క ఇంజెక్షన్. 2021లో వచ్చిన పెద్ద ప్రయోగంలో 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి 2.4 శాతం. ప్రొబయోటిక్‌ని దాని పక్కన నిలబెట్టడం జనాన్ని మోసం చేయడమే. ఆ ఇంజెక్షన్లకి వాటి ఇబ్బందులు వాటికున్నాయి, అందరికీ కావు, అది వేరే చర్చ.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి. బ్యాక్టీరియానే కదా, ఏమవుతుంది అనుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దాదాపు ప్రమాదం లేదు. కానీ నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్‌తో (క్లోమగ్రంథి వాపు) ఆస్పత్రిలో ఉన్న 296 మంది మీద చేసిన ప్రయోగంలో, 2008లో వచ్చింది, ప్రొబయోటిక్ ఇచ్చినవాళ్లలో 16 శాతం చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 6 శాతం. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, వీళ్లకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

కోనసీమ_పద్మ

ఇది మాత్రం నాకు తెలియదండీ. మా తమ్ముడికి కీమో నడుస్తోంది, ఎవరో మంచిదని చెబితే పొడి ప్యాకెట్లు తెచ్చాం. ఈ సాయంత్రమే వాళ్ల డాక్టరుకి ఫోన్ చేస్తాను.

డా_హనుమకొండ

చేయండమ్మా. ఆయన సరే అనేవరకు ఇవ్వకండి.

నిజాంపేట_సుజాత

చదువుతుంటే చాలా తెలిశాయి, కానీ నేను ఇప్పుడేం చేయాలి? నాలుగో సీసా కొనాలా వద్దా? పొట్ట తేలిగ్గా ఉన్నమాట మాత్రం నిజం.

సూక్ష్మజీవి_మాస్టారు

డబ్బు నీది, ఒంట్లో హాయి నీది, నేను కాదనను. నేనైతే కొనను. ఆ 2,800తో నెలంతా కూరగాయలు, పెసలు, శనగలు, జొన్నలు వస్తాయి. బయటి నుంచి కొత్త బ్యాక్టీరియా తెచ్చి పోసేకన్నా ఉన్నవాటికి తిండి పెట్టడం మేలు. ఫిన్‌లాండ్‌లో 225 మంది మీద ఆరు నెలలు చేసిన ప్రయోగంలో బిఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ బీ420ని పీచుపదార్థంతో కలిపి ఇచ్చారు, సరిగ్గా పాటించినవాళ్లలో ఒంటి కొవ్వు కిలోకి పైగా తక్కువగా తేలింది. పీచు తోడుంటేనే ఆ మాత్రమైనా. స్టాన్‌ఫర్డ్‌లో 2021లో ఇంకోటి, 36 మందిని రెండుగా విడదీసి ఒక గుంపుకి పది వారాలు పెరుగు, పులియబెట్టిన కూరగాయల లాంటివి రోజూ బాగా పెంచి ఇస్తే వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపుకి సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. అది బరువు కోసం చేసింది కాదు, కానీ పద్మమ్మ అత్తగారి పెరుగుకి కొంత బలం ఇచ్చే మాటే.

కొనాలనే అనిపిస్తే మూడు చూడు: స్ట్రెయిన్ గుర్తు ఉండాలి, గడువు తేదీ వరకు బతికుండే సంఖ్య రాసుండాలి, తయారైన రోజు సంఖ్య కాదు, ఎలా నిల్వ చేయాలో చెప్పాలి. మే నెలలో హైదరాబాద్ ఎండకి స్కూటర్ డిక్కీలో నాలుగు గంటలున్న సీసాలో ఏం మిగులుతుంది?

డా_హనుమకొండ

నా వంతు. రాత్రి అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపండి. పెరుగు చక్కెర లేకుండా. రోజూ 40 నిమిషాలు చెమట పట్టేలా నడక. మన దేశం వాళ్లలో ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ఇచ్చిన పెద్ద సర్వేలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉంది, మీరొక్కరే కాదు. బరువు వారానికి ఒకసారి, నడుం రెండు వారాలకి ఒకసారి కొలవండి. టేపు బొడ్డు దగ్గర కాదు, చివరి పక్కటెముకకి, తుంటి ఎముకకి మధ్యలో, ఊపిరి వదిలాక.

నిజాంపేట_సుజాత (12 వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. సీసా మళ్లీ కొనలేదు. మధ్యాహ్నం అన్నం, రాత్రి ఒక జొన్నరొట్టె, పెసరపప్పు కూర, పెద్ద గ్లాసు పల్చటి మజ్జిగ. ప్రగతినగర్ చెరువు చుట్టూ నడుస్తున్నాను, మొదటి వారం మోకాళ్లు నొప్పులు, ఇప్పుడు మా వారు కూడా వస్తున్నారు. బరువు 74.1. నడుం డాక్టర్‌గారు చెప్పినట్టు కొలిస్తే 93. హెచ్‌బీఏ1సీ 5.9. మొదటి పది రోజులు గ్యాస్ మళ్లీ వచ్చింది, పప్పులు ఒక్కసారిగా పెంచానేమో, తగ్గించి మెల్లగా పెంచితే సర్దుకుంది. రిపోర్టు చేతిలో పట్టుకుని ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని మా అమ్మకి ఫోన్ చేశాను.

సూక్ష్మజీవి_మాస్టారు

చాలా సంతోషం తల్లీ! పప్పులు ముందురోజు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండు, గ్యాస్ ఇంకా తగ్గుతుంది.

కోనసీమ_పద్మ

శుభం సుజాతగారూ. తమ్ముడి డాక్టరు ఆ పొడి ప్యాకెట్లు ఆపేయమన్నారు, ఆపేశాం. కీమో ఇంకా రెండు సార్లు ఉంది.

నిజాంపేట_సుజాత

త్వరగా కోలుకోవాలి పద్మగారూ. డాక్టర్‌గారూ, లివర్ స్కానింగ్ మళ్లీ ఎప్పుడు చేయించుకోమంటారు?

డా_హనుమకొండ

ఇంకో మూడు నెలలాగండి, 72 దాటి కిందికి వచ్చాక చేయిద్దాం. ఈలోగా లివర్ ఎంజైములు ఒకసారి చూడమని మీ డాక్టరుని అడగండి. మీ వారి షుగర్ ఎంత ఉందో రాయలేదు.

నిజాంపేట_సుజాత

ఆయన హెచ్‌బీఏ1సీ 7.8 నుంచి 7.1కి వచ్చింది. మాత్ర వేసుకుంటూనే.